ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ బిల్డ్ ఆగిపోతే ఏ వరుసలో వెతకాలి: నెట్, ర్యామ్ తక్కువున్న చోట

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్ ఫోన్ యాప్‌లు రాసే పనిముట్లు, రాసిన కోడ్‌ను యాప్‌గా మార్చడమే బిల్డ్. ఆ బిల్డ్ ఫెయిలైందంటే చాలామంది ముందు ‘ఫ్లట్టర్ క్లీన్’ కొడతారు. దానికీ లొంగకపోతే యూజర్ ఫోల్డర్లో ఉన్న ‘.గ్రేడిల్’ (ఆండ్రాయిడ్ బిల్డ్ నడిపే గ్రేడిల్ టూల్ దించుకున్నవన్నీ ఉండే చోటు) మొత్తాన్ని డిలీట్ చేసేస్తారు. బెంగళూరు ఆఫీసులో ఫైబర్ లైను మీద కూర్చున్నవాళ్లకు దాంతో పోయేది పది నిమిషాలు. ఉదయగిరిలోనో చీమకుర్తిలోనో ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని రోజుకింత డేటా అని లెక్క చూసుకునేవాళ్లకు ఆ రోజు పని మొత్తం పోతుంది. డౌన్‌లోడ్ మధ్యలో కరెంటు పోతే పాత తప్పు మీద కొత్త తప్పు ఒకటి చేరుతుంది. రొయ్యలు నీటిమీదకు తేలితే రైతు ముందు ఆక్సిజన్ చూస్తాడు గానీ చెరువు ఖాళీ చేయడు గదా. ఇక్కడ ఇచ్చిన వరుసలో కూడా చెరిపేయడం చిట్టచివర వస్తుంది.

కమాండ్లు, ఫైళ్ల పేర్లు ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు చదవాల్సిన చోటు

స్క్రీన్ మీద చివర కనిపించే ‘గ్రేడిల్ టాస్క్ అసెంబుల్‌డీబగ్ ఫెయిల్డ్ విత్ ఎగ్జిట్ కోడ్ 1’ అన్న లైనుతో ఏమీ తెలియదు. అన్ని తప్పులకూ అదే లైను వస్తుంది. దాన్నే గూగుల్‌లో వెతికితే పుండొకచోట, మందొకచోట అయిపోతుంది. పైకి స్క్రోల్ చేసి ‘వాట్ వెంట్ రాంగ్’ అన్న మాట పట్టుకోండి. దాని కింద మూడు నాలుగు లైన్లలో అసలు సంగతి ఉంటుంది. ఆ పక్కన ‘ఫ్లట్టర్ ఫిక్స్’ అని డబ్బా గీసి ఏదైనా చెప్పి ఉంటే ముందు దాన్ని చదవండి, చాలాసార్లు సరైన సలహానే ఇస్తుంది.

అక్కడా అర్థం కాకపోతే ప్రాజెక్టులోని ఆండ్రాయిడ్ ఫోల్డర్లోకి వెళ్లి ‘గ్రేడిల్‌డబ్ల్యూ అసెంబుల్‌డీబగ్ --స్టాక్‌ట్రేస్’ నడపండి. వచ్చిందంతా ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టుకుని ‘కాజ్డ్ బై’ అని వెతకండి. అలాంటివి నాలుగైదు ఉంటే అన్నిటికంటే కింద ఉన్నది అసలు కారణం.

తప్పు మెషీన్‌దా, ప్రాజెక్టుదా?

ఇది తేలకుండా ఏ ఫైలూ ముట్టుకోవద్దు. వేరే ఫోల్డర్లో ‘ఫ్లట్టర్ క్రియేట్ పరీక్ష’ అని (పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే, ఎందుకో కింద వస్తుంది) ఒక ఖాళీ యాప్ చేసి దాన్ని బిల్డ్ చేయండి. ఖాళీ యాప్ కూడా ఆగిపోతే తప్పు మెషీన్‌లో ఉంది: జావా, ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్ తయారీకి కావాల్సిన టూల్స్ కట్ట), నెట్, ర్యామ్, వీటిలో ఏదో ఒకటి. ఖాళీది నడిచి మీది ఆగితే మీ ప్రాజెక్టులోని వెర్షన్లు, ప్లగిన్లు (యాప్‌లో కలుపుకునే రెడీమేడ్ కోడ్ ముక్కలు) చూడాలి. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయక సాయంత్రాలు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఖాళీ యాప్ ఆగితే ‘ఫ్లట్టర్ డాక్టర్ -వి’ కొట్టండి. కమాండ్ లైన్ టూల్స్ లేవంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎస్‌డీకే మేనేజర్, అందులో ఎస్‌డీకే టూల్స్ ట్యాబ్ తెరిచి టిక్ పెట్టండి. లైసెన్సులంటే ‘ఫ్లట్టర్ డాక్టర్ --ఆండ్రాయిడ్-లైసెన్సెస్’ కొట్టి అన్నిటికీ వై నొక్కండి. విండోస్ యాప్‌ల కోసం విజువల్ స్టూడియో లేదని వచ్చే ఎర్ర గుర్తును పట్టించుకోనక్కర్లేదు, ఫోన్ యాప్‌కు దాంతో పనిలేదు. రియాక్ట్ నేటివ్ వాళ్లకు ‘ఎన్‌పీఎక్స్ రియాక్ట్-నేటివ్ డాక్టర్’ ఉంది. వాళ్లకు ఎక్కువగా తగిలేది ‘ఎస్‌డీకే లొకేషన్ నాట్ ఫౌండ్’. ఆండ్రాయిడ్ ఫోల్డర్లో ‘లోకల్.ప్రాపర్టీస్’ ఫైల్ పెట్టి ‘ఎస్‌డీకే.డిర్’ దారి రాస్తే సరిపోతుంది. ఆ ఫైల్ ఎవరి మెషీన్‌కు వాళ్లదే, గిట్‌లో (కోడ్ మార్పులు దాచి పంచుకునే చోట) పెట్టకూడదు.

సగంలో తెగిన డౌన్‌లోడ్లు

మన వైపు ఎక్కువ బాధపెట్టేది ఇదే. నవంబరు, డిసెంబరు వాయుగుండాల రోజుల్లో కరెంటు, టవరు రెండూ నమ్మలేం. ఫైల్ సగం దిగి ఆగితే గ్రేడిల్ దాన్ని పూర్తయిన ఫైల్ అనుకుని తెరవబోతుంది, తెరుచుకోదు. అందుకే వచ్చే మెసేజ్‌లో నెట్ అన్న మాటే కనిపించదు.

‘జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్’ అనో ‘ఎర్రర్ ఇన్ ఓపెనింగ్ జిప్ ఫైల్’ అనో వస్తే గ్రేడిల్ జిప్ పాడైంది. యూజర్ ఫోల్డర్లో ‘.గ్రేడిల్’, అందులో ‘ర్యాపర్’, అందులో ‘డిస్ట్స్’ తెరవండి. అక్కడ వెర్షన్ వారీగా ఫోల్డర్లు ఉంటాయి. పాడైన ఆ ఒక్క వెర్షన్ ఫోల్డర్నే తీసేయండి. పక్కనున్న ‘క్యాషెస్’ జోలికి పోవద్దు, మీరు ఇన్నాళ్లు దించుకున్న లైబ్రరీలన్నీ అక్కడే ఉన్నాయి.

మళ్లీ దించే ముందు ప్రాజెక్టులో ‘గ్రేడిల్-ర్యాపర్.ప్రాపర్టీస్’ తెరవండి. ‘డిస్ట్రిబ్యూషన్‌యూఆర్‌ఎల్’ లైను చివర ‘-ఆల్.జిప్’ అని ఉంటే ‘-బిన్.జిప్’ అని మార్చండి. ‘ఆల్’లో గ్రేడిల్ సోర్సు, డాక్యుమెంట్లు కూడా వస్తాయి, బిల్డ్‌కు అవి అక్కర్లేదు. అదే ఫైల్లో ‘నెట్‌వర్క్‌టైమౌట్=10000’ అని ఉంటే పది సెకన్లకే చేతులెత్తేస్తుందని అర్థం. దాన్ని 120000 చేయండి. ఆ లైను లేకపోతే చేర్చండి, గ్రేడిల్ 7.6 నుంచి ర్యాపర్‌కు అది తెలుసు.

‘ఎన్‌డీకే ... డిడ్ నాట్ హ్యావ్ ఎ సోర్స్.ప్రాపర్టీస్ ఫైల్’ అన్నదీ ఈ జాతిదే. ఎన్‌డీకే అంటే సీ, సీ++ కోడ్‌కు కావాల్సిన టూల్స్, వందల ఎంబీల ఫైల్. సగంలో తెగితే ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది, అది చూసి బిల్డ్ ఎన్‌డీకే ఉందనుకుంటుంది. ఎస్‌డీకే ఫోల్డర్లో ‘ఎన్‌డీకే’ కింద మెసేజ్‌లో చెప్పిన నంబరు ఫోల్డర్ ఒక్కటి తీసేసి, నెట్ నిలకడగా ఉన్నప్పుడు, వీలైతే తెల్లవారుజామున, ఎస్‌డీకే మేనేజర్ నుంచి దించుకోండి.

ఒక రూములో నలుగురు ఇదే పని చేస్తుంటే నలుగురూ విడివిడిగా దించుకోవడం దండగ. ఒకరి దగ్గర బిల్డ్ నడిస్తే, పెన్‌డ్రైవ్‌లో మూడు ఫోల్డర్లు పంచుకోవచ్చు. ‘.గ్రేడిల్’లోని ‘ర్యాపర్/డిస్ట్స్’ ఒకటి. ‘.గ్రేడిల్/క్యాషెస్’లోని ‘మాడ్యూల్స్-2’ రెండోది, ఇది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు మోయడానికి వీలుగానే తయారైంది. మూడోది పబ్ క్యాష్ (ఫ్లట్టర్ దించుకున్న ప్యాకేజీలు ఉండే చోటు), విండోస్‌లో ‘యాప్‌డేటా/లోకల్/పబ్/క్యాష్’లో ఉంటుంది. కాపీ చేసే ముందు ఇద్దరి దగ్గరా ‘గ్రేడిల్‌డబ్ల్యూ --స్టాప్’ కొట్టండి. కాపీ అయ్యాక ‘.లాక్’తో ముగిసే ఫైళ్లు, ‘జీసీ.ప్రాపర్టీస్’ తీసేయండి. ఆ తర్వాత ‘ఫ్లట్టర్ పబ్ గెట్ --ఆఫ్‌లైన్’, ‘గ్రేడిల్‌డబ్ల్యూ అసెంబుల్‌డీబగ్ --ఆఫ్‌లైన్’ నడిస్తే మీకు నెట్ లేకపోయినా పని ఆగదు.

ఏ డౌన్‌లోడూ తెగలేదు, నెట్ బాగానే ఉంది, అయినా ‘కుడ్ నాట్ రిజాల్వ్’ అంటుంటే బిల్డ్ ఫైళ్లలో ‘జేసెంటర్’ అన్న మాట వెతకండి. ఆ రిపాజిటరీ 2021లోనే కొత్త ప్యాకేజీలు తీసుకోవడం ఆపేసింది. పాత కోర్సుల కోడ్‌లో ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. దాని బదులు ‘మావెన్‌సెంట్రల్’ పెట్టండి.

నాలుగు వెర్షన్ల ముడి

జావా, గ్రేడిల్, ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (గ్రేడిల్‌కు ఆండ్రాయిడ్ బిల్డ్ నేర్పేది), కోట్లిన్ (ఆండ్రాయిడ్ కోడ్ రాసే భాష). ఈ నాలుగూ ఒకదానికొకటి కుదరాలి. ఒకటి పెంచి మిగతావి వదిలేస్తే ముడి బిగుస్తుంది. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్‌ను అందరూ పిలిచినట్టు ఇక్కడ ఏజీపీ అందాం.

‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్’ అని పక్కన అంకె వస్తుంది. అంకెలోంచి 44 తీసేస్తే జావా వెర్షన్: 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. ఆ జావా మీ గ్రేడిల్ కంటే కొత్తదని అర్థం. జావా 17 నడవాలంటే గ్రేడిల్ కనీసం 7.3 ఉండాలి, జావా 21కి 8.5. నిన్నటిదాకా నడిచిన ప్రాజెక్టు ఆండ్రాయిడ్ స్టూడియో అప్‌డేట్ తర్వాత ఆగిందంటే నూటికి తొంభైపాళ్లు ఇదే. 2024లో వచ్చిన లేడీబగ్ వెర్షన్ నుంచి స్టూడియో తనతో జావా 21 తెచ్చుకుంటోంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టెర్మినల్లో ‘జావా -వెర్షన్’ 17 చూపిస్తుంది, బిల్డ్ మాత్రం 21తో నడుస్తుంది. ఫ్లట్టర్ ముందు స్టూడియోలోని జావానే తీసుకుంటుంది, అది దొరక్కపోతేనే ‘జావా_హోమ్’ చూస్తుంది. రియాక్ట్ నేటివ్ అయితే నేరుగా ‘జావా_హోమ్’ చూస్తుంది. కాబట్టి ఫ్లట్టర్‌లో ఏ జావా నడుస్తోందో ‘ఫ్లట్టర్ డాక్టర్ -వి’లోనే చూడాలి. మార్చాలంటే ‘ఫ్లట్టర్ కాన్ఫిగ్ --జేడీకే-డిర్’ అని పక్కన జేడీకే (జావా కిట్) 17 దారి ఇవ్వండి. రియాక్ట్ నేటివ్ 0.73 నుంచి కావాల్సిందీ 17నే, కాబట్టి రెండూ రాసేవాళ్లు మెషీన్‌లో 17 ఉంచుకుంటే చాలా గొడవలు తప్పుతాయి.

ప్లే స్టోర్ నిబంధన ప్రకారం 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లూ అప్‌డేట్లూ ఏపీఐ 35ను టార్గెట్ చేయాలి. ‘కంపైల్‌ఎస్‌డీకే’ 35 పెట్టాలంటే ఏజీపీ కనీసం 8.6 కావాలి. ఏజీపీ 8.6కి గ్రేడిల్ 8.7, జేడీకే 17 కావాలి. చివర నుంచి ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే ఏది ఎంత పెంచాలో తేలుతుంది. మీ ఫ్లట్టర్ ఇంకా కొత్తదైతే ఇంతకంటే పై వెర్షన్లు అడగవచ్చు. ఏవి కుదరడం లేదో ‘ఫ్లట్టర్ అనలైజ్ --సజెషన్స్’ చూపిస్తుంది.

ఏజీపీ 8కి ఎక్కగానే ‘నేమ్‌స్పేస్ నాట్ స్పెసిఫైడ్’ వస్తుంది. మునుపు మానిఫెస్ట్‌లో (యాప్ వివరాల ఫైల్) ఉండే ‘ప్యాకేజ్’ పేరు ఇప్పుడు బిల్డ్ ఫైల్లో ‘నేమ్‌స్పేస్’గా ఉండాలి. మీ యాప్‌లో అయితే ఒక లైనుతో పోతుంది. పాత ప్లగిన్ ఏదో అడుగుతుంటే, మెసేజ్‌లో దాని పేరు ఉంటుంది, దాని కొత్త వెర్షన్ తీసుకోండి. ‘ఫ్లట్టర్ పబ్ ఔట్‌డేటెడ్’ అన్నీ పట్టికగా ఇస్తుంది. పబ్ క్యాష్‌లోకి దూరి ప్లగిన్ ఫైల్‌ను చేత్తో దిద్దే సలహా యూట్యూబ్‌లో బాగా తిరుగుతోంది. అది మీ మెషీన్‌లో మాత్రమే నడుస్తుంది, పక్కవాడి దగ్గర మళ్లీ విరుగుతుంది. ‘రిజిస్ట్రార్’ దొరకలేదని వచ్చే ప్లగిన్లదీ ఇదే దారి: ఫ్లట్టర్ పాత ఎంబెడింగ్‌ను (ప్లగిన్లను యాప్‌కు కలిపే పద్ధతి) తీసేసింది, అప్‌డేట్ లేని ప్లగిన్ అయితే వేరేది వెతుక్కోవాల్సిందే.

‘ఇన్‌కన్సిస్టెంట్ జేవీఎం-టార్గెట్’ అంటే జావాకు ఒక నంబరు, కోట్లిన్‌కు ఇంకో నంబరు ఇచ్చారు. రెంటికీ 17 పెట్టండి. కోట్లిన్ ‘మెటాడేటా’ గురించి గొణిగితే ‘సెట్టింగ్స్.గ్రేడిల్’లో కోట్లిన్ వెర్షన్ పెంచండి.

యాప్‌లో తెలుగు పెట్టేవాళ్లకు తగిలే ఇంకొక ముడి ‘ఇంటిఎల్’ ప్యాకేజీ. ‘ఫ్లట్టర్_లోకలైజేషన్స్’ దానికి ఒకే వెర్షన్ ఖాయం చేసి ఉంటుంది. మీరు పబ్‌స్పెక్‌లో (ప్రాజెక్టు ప్యాకేజీల జాబితా ఫైల్) ఇంకోటి రాస్తే ‘వెర్షన్ సాల్వింగ్ ఫెయిల్డ్’. ‘ఇంటిఎల్: ఎనీ’ అని రాస్తే ఫ్లట్టర్‌కు కావాల్సింది అదే తీసుకుంటుంది.

రెండు మూడేళ్ల నాటి ప్రాజెక్టును ఒక్కో లైనూ దిద్దుతూ కూర్చోవద్దు. గిట్‌లో కమిట్ చేసి, ఆండ్రాయిడ్ ఫోల్డర్ పేరు ‘ఆండ్రాయిడ్_పాత’ అని మార్చి, ప్రాజెక్టులో ‘ఫ్లట్టర్ క్రియేట్ --ప్లాట్‌ఫామ్స్=ఆండ్రాయిడ్ .’ కొట్టండి. మీ ఫ్లట్టర్‌కు సరిపోయే కొత్త ఫోల్డర్ వస్తుంది. పాతదాంట్లోంచి మానిఫెస్ట్‌లోని పర్మిషన్లు, ఐకాన్లు, ‘గూగుల్-సర్వీసెస్.జేసన్’, ‘కీ.ప్రాపర్టీస్’, సైనింగ్ బ్లాకు తెచ్చుకోండి. ‘అప్లికేషన్‌ఐడీ’ మాత్రం కళ్లారా చూసుకోండి. ‘కామ్.ఎగ్జాంపుల్’ అని పడి ఉంటే ప్లే స్టోర్ తీసుకోదు. స్టోర్‌లో ఇప్పటికే ఉన్న యాప్ అయితే పాత ఐడీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా అది వేరే యాప్ కింద లెక్క.

8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్

ఫ్లట్టర్ కొత్త ప్రాజెక్టు తెరిచి ‘గ్రేడిల్.ప్రాపర్టీస్’ చూడండి. ‘జేవీఎంఆర్గ్స్’ లైన్లో ‘ఎక్స్‌ఎంఎక్స్ 8జీ’ అని ఉంటుంది, అంటే గ్రేడిల్ 8 జీబీ దాకా తీసుకోవచ్చని పర్మిషన్. మెషీన్‌లో ఉన్నదే 8. మౌస్ కదలదు, కాసేపటికి ‘గ్రేడిల్ డీమన్ డిసప్పియర్డ్ అనెక్స్‌పెక్టెడ్లీ’ అని వస్తుంది. ఆ 8జీని 2జీ చేయండి, ‘మ్యాక్స్‌మెటాస్పేస్‌సైజ్’ను 1జీకి దించండి, కింద ‘ఆర్గ్.గ్రేడిల్.వర్కర్స్.మ్యాక్స్=2’ చేర్చండి. దీంతో ‘జావా హీప్ స్పేస్’ అని ఏడిస్తే 3జీకి పెంచండి, అంతకు మించొద్దు.

ఎమ్యులేటర్ వద్దు, ఫోన్ కట్టండి. కోడ్ వీఎస్ కోడ్‌లో రాసుకుని స్టూడియోను ఎస్‌డీకే మేనేజర్ కోసమే తెరవండి. విండోస్ డిఫెండర్‌లో ప్రాజెక్టు, ‘.గ్రేడిల్’, పబ్ క్యాష్, ఎస్‌డీకే ఫోల్డర్లను ఎక్స్‌క్లూజన్‌లో పెడితే బిల్డ్ వేగం తేడా కంటికే కనిపిస్తుంది. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండకు ల్యాప్‌టాప్ కూడా వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం పన్నెండు నిమిషాలు పట్టిన బిల్డ్ రాత్రి ఐదు నిమిషాల్లో అయిపోతే కోడ్‌లో తప్పు వెతకొద్దు.

ఫోల్డర్ పేరు, డ్రైవు

రొయ్యల కౌంట్ రేట్లు చూపించే యాప్ రాస్తూ ఫోల్డర్‌కు ముచ్చటగా ‘రొయ్యలరేట్లు’ అని తెలుగులో పేరు పెడితే ఏజీపీ ‘నాన్-ఆస్కీ క్యారెక్టర్స్’ అని విండోస్‌లో ఆపేస్తుంది. యాప్ పేరు తెలుగులో నిక్షేపంగా పెట్టుకోవచ్చు, ఫోల్డర్ దారి మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా ఉండాలి. విండోస్ యూజర్ పేరే తెలుగులో ఉంటే ప్రాజెక్టును సి డ్రైవ్‌లో విడిగా ‘డెవ్’ అనే ఫోల్డర్లోకి మార్చి, ‘గ్రేడిల్_యూజర్_హోమ్’, ‘పబ్_క్యాష్’ వేరియబుల్స్ కూడా అక్కడికే చూపించండి.

సి డ్రైవ్ నిండిందని ప్రాజెక్టును డి డ్రైవ్‌లో పెడితే కోట్లిన్ ‘దిస్ అండ్ బేస్ ఫైల్స్ హ్యావ్ డిఫరెంట్ రూట్స్’ అంటుంది. పబ్ క్యాష్ ఒక డ్రైవ్‌లో, ప్రాజెక్టు ఇంకో డ్రైవ్‌లో ఉన్నాయని దాని బాధ. పబ్ క్యాష్‌ను కూడా డి డ్రైవ్‌కు మార్చండి, లేదా ‘కోట్లిన్.ఇంక్రిమెంటల్=ఫాల్స్’ పెట్టండి. రెండోదానితో బిల్డ్ కాస్త నెమ్మదిస్తుంది. రియాక్ట్ నేటివ్‌లో ‘ఫైల్‌నేమ్ లాంగర్ దాన్ 260 క్యారెక్టర్స్’ వస్తే ప్రాజెక్టును ‘సి’ కిందే చిన్న పేరున్న ఫోల్డర్లో పెట్టండి. వన్‌డ్రైవ్ సింక్ అయ్యే డెస్క్‌టాప్ మీద ఏ ప్రాజెక్టూ పెట్టొద్దు.

ఫోన్ దగ్గర

కంప్యూటర్‌కు కట్టిన ఫోన్లు చూపించే ‘ఏడీబీ డివైసెస్’ ఖాళీగా వస్తే కేబుల్ మార్చండి, ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు బజారునిండా ఉన్నాయి. ‘అన్‌ఆథరైజ్డ్’ అంటే ఫోన్ స్క్రీన్ మీద అనుమతి అడుగుతోంది, చూడండి. షావోమీ ఫోన్లలో ‘యూజర్_రిస్ట్రిక్టెడ్’ వస్తే డెవలపర్ ఆప్షన్లలో ‘ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ’ ఆన్ చేయాలి. ‘అప్‌డేట్_ఇన్‌కంపాటిబుల్’ అంటే అదే యాప్ వేరే సంతకంతో ఫోన్‌లో ఉంది, తీసేసి మళ్లీ వేయండి. రియాక్ట్ నేటివ్‌లో ఎర్ర తెర మీద ‘అన్‌ఏబుల్ టు లోడ్ స్క్రిప్ట్’ వస్తే ‘ఏడీబీ రివర్స్ టీసీపీ:8081 టీసీపీ:8081’ కొట్టి, మెట్రోను (కోడ్‌ను ఫోన్‌కు పంపే సర్వర్) ‘--రీసెట్-క్యాష్’తో మళ్లీ మొదలుపెట్టండి.

డీబగ్‌లో నడిచి రిలీజ్‌లో ఆగేవి

రిలీజ్ ఏపీకే (ఫోన్‌లో వేసే యాప్ ఫైల్) వేస్తే తెర వస్తుంది గానీ నెట్ నుంచి రావాల్సిన రేట్లు రావు. ఫ్లట్టర్ టెంప్లేట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ డీబగ్, ప్రొఫైల్ మానిఫెస్ట్‌లలోనే ఉంటుంది. ‘మెయిన్’ ఫోల్డర్లోని మానిఫెస్ట్‌లో మీరే చేర్చాలి. రియాక్ట్ నేటివ్ యాప్‌లో రాకపోతే సర్వర్ అడ్రసు ‘హెచ్‌టీటీపీ’తో ఉందేమో చూడండి, ఆండ్రాయిడ్ 9 నుంచి ఎస్ లేని అడ్రసును డిఫాల్ట్‌గా అడ్డుకుంటుంది.

‘కీస్టోర్ ఫైల్ నాట్ ఫౌండ్’ విండోస్‌లో ఎక్కువ. కీస్టోర్ అంటే యాప్‌కు సంతకం పెట్టే కీ ఉన్న ఫైల్. ‘కీ.ప్రాపర్టీస్’లో దారిని విండోస్ వెనకగీతలతో అతికిస్తే అవి మాయమైపోతాయి. ముందుకు వాలిన గీతలు వాడండి, లేదా వెనకగీతలు రెండేసి పెట్టండి.

గూగుల్ లాగిన్ మీ ఫోన్‌లో పనిచేసి, ప్లే స్టోర్ నుంచి దించుకున్నవాళ్లకు ‘ఏపీఐఎక్సెప్షన్: 10’ వస్తే షా-1 (సంతకం కీకి వేలిముద్రలాంటి కోడ్) సంగతి. షా-1లు మూడుంటాయి: డీబగ్ కీది, మీ అప్‌లోడ్ కీది, గూగుల్ తన దగ్గర ఉంచుకుని చివర సంతకం పెట్టే కీది. మూడోది ప్లే కన్సోల్‌లో యాప్ సైనింగ్ పేజీలో దొరుకుతుంది. మూడింటినీ ఫైర్‌బేస్‌లో చేర్చండి.

రిలీజ్ యాప్‌ను కుదించే ఆర్8 టూల్ ‘మిస్సింగ్ క్లాసెస్’ అంటే కంగారుపడొద్దు. ‘బిల్డ్/యాప్/ఔట్‌పుట్స్/మ్యాపింగ్/రిలీజ్’లో ‘మిస్సింగ్_రూల్స్.టెక్స్ట్’ అని అదే రాసిపెడుతుంది. అందులో ఉన్న ‘డోంట్‌వార్న్’ లైన్లను మీ ప్రోగార్డ్ (ఆర్8 నియమాల) ఫైల్లో చేర్చి, ఆ ప్లగిన్ వాడే తెరలన్నీ ఒకసారి నొక్కి చూడండి.

ఐఫోన్ వైపు

మ్యాక్ లేకుండా ఐఫోన్ బిల్డ్ కాదు. దానికోసం అప్పు చేయక్కర్లేదు, కోడ్‌మ్యాజిక్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటివి మ్యాక్‌ను నిమిషాల లెక్కన ఇస్తాయి. ఆ నిమిషాలు వృథా కాకుండా ఉండాలంటే ముందు ఆండ్రాయిడ్ బిల్డ్ శుభ్రంగా నడవాలి, ‘పబ్‌స్పెక్.లాక్’ గిట్‌లో ఉండాలి, పాడ్‌ఫైల్‌లో (ఐఫోన్ లైబ్రరీల, అంటే పాడ్‌ల జాబితా) ఐఓఎస్ కనీస వెర్షన్ మీ ప్లగిన్లు అడిగినంత ఉండాలి. పాడ్ ఫలానా వెర్షన్ దొరకలేదంటే ‘పాడ్ ఇన్‌స్టాల్ --రిపో-అప్‌డేట్’. సంతకాలకు యాపిల్ డెవలపర్ ఖాతా కావాలి, దానికి ఏడాదికి 99 డాలర్లు. ప్లే స్టోర్‌కైతే ఒక్కసారి 25 డాలర్లు కడితే అయిపోతుంది.

చెరిపేయక తప్పనప్పుడు

ఇంత చూశాక కూడా బిల్డ్ కదలకపోతే అప్పుడు చెరపండి, అదీ మెట్లు మెట్లుగా. ముందు ‘గ్రేడిల్‌డబ్ల్యూ --స్టాప్’, ఆ తర్వాత ‘ఫ్లట్టర్ క్లీన్’. దీనికి డేటా ఖర్చు దాదాపు ఉండదు, టైమే పోతుంది. కుదరకపోతే ప్రాజెక్టు ఆండ్రాయిడ్ ఫోల్డర్లో ఉండే చిన్న ‘.గ్రేడిల్’. ఆ తర్వాత యూజర్ ఫోల్డర్ ‘క్యాషెస్’లో ‘ట్రాన్స్‌ఫార్మ్స్’ అన్న పేరున్నవి, వాటిని మెషీనే మళ్లీ తయారుచేసుకుంటుంది, నెట్ అడగదు. ‘మాడ్యూల్స్-2’ను ముట్టుకునేది అన్నిటికంటే ఆఖరున, అదీ డేటా బ్యాలెన్స్, యూపీఎస్ ఛార్జింగ్ రెండూ చూసుకున్నాకే.